పేరున్నదా? సరుకున్నదా? – గాదంకి గాలుల వెనుక ఒక చిన్న ప్రశ్న చరిత్ర

గణకయంత్రాల చరిత్ర వ్రాసేవారు ఎక్కువగా వాటి వేగాన్ని గూర్చి, అవి దాచుకోగల సమాచార రాశిని గూర్చి వ్రాస్తారు. ఈ వ్యాసంలో నేను ఒక చిన్న ప్రశ్న చరిత్రను చెప్పదలచుకున్నాను. వాతావరణం, భూపటాలు, ఉపగ్రహ చిత్రాలు – వీటితో పనిచేసే ప్రోగ్రాములు వ్రాసేవారు రోజుకు పదిసార్లయినా యంత్రాన్ని అడిగే ప్రశ్న అది: “ఈ పేరుగల అర్రే ఈ డేటా పాత్రలో ఉన్నదా?”

అర్రే అంటే ఒకే జాతి అంకెల వరుస. ఒక ప్రాంతపు ఉష్ణోగ్రతలు ఒక వరుస, గాలి వేగాలు ఒక వరుస, వర్షపాతం ఒక వరుస. ఇలాంటి వరుసలను పేర్లతో సహా దాచుకున్న ఫైలే డేటా పాత్ర. దానిని మన ఇళ్ళలోని గాదెగా ఊహించుకోవచ్చు. గాదెలో అరలున్నాయి, ఒక్కొక్క అరకు ఒక్కొక్క పేరు. ‘వడ్లు’ అన్న అర ఉన్నదా అని అడగడమే మన ప్రశ్న.

ఉన్నది, లేదు – సమాధానాలు రెండే అని పైపైన తోస్తుంది. నిజానికి నాలుగున్నాయి. ఒకటి, ఉన్నది. రెండు, లేదు. మూడు, పేరున్నది కానీ అర ఖాళీ. నాలుగు, పేరున్నది, సరుకూ ఉన్నది, కానీ అది మనమనుకున్న సరుకు కాదు. ఈ నాలుగింటినీ విడివిడిగా చెప్పడం యంత్రానికి పుట్టుకతో వచ్చిన విద్య కాదు. మనుష్యులు దెబ్బలు తిని, తరువాత యంత్రానికి నేర్పిన విద్య. ఆ నేర్పు ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. తిరుపతి, చిత్తూరు సీమలోనే రెండు చక్కని ఉదాహరణలున్నాయి. ఒకటి కొండపైన, ఒకటి కొండ క్రింద.

* * *

కొండపైన ఉన్నది తాళ్ళపాక వారి రాగిరేకుల కథ. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు చెప్పినట్లు ఆయన మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యం ‘అన్నమాచార్య చరిత్రము’లో వ్రాశాడు. కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో ఈ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించారు. తిరుమల ఆలయంలో ఒక చిన్న రాతి గదిలో వాటిని భద్రపరచారు. ఆ గది పేరు సంకీర్తన భాండారం. డేటా పాత్రకు ఇంతకన్న మంచి తెలుగు మాట నాకు ఇంతవరకు దొరకలేదు.

శతాబ్దాల మరుపు తరువాత, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో ఆ రేకులు మళ్ళీ పండితుల దృష్టికి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటిని పరిశీలించి, పరిష్కరించి దేవస్థానం ద్వారా ప్రకటించారు. దొరికిన సంకీర్తనలు 12,000కు పైబడి ఉన్నాయి. తక్కినవి భాండారంలో లేవు. ఇది మన రెండవ సమాధానం. ‘లేదు’ అంటే ఈ పాత్రలో లేదని మాత్రమే అర్థం. అసలు పుట్టలేదని కాదు.

మూడవ సమాధానం ఇంకా విచిత్రమైనది. రేకులపై దాదాపు ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చెక్కి ఉన్నది. సాహిత్యమూ ఉన్నది. స్వరం మాత్రం లేదు. ఆ రాగం పేరుతో అన్నమయ్య పాడిన వరుస ఏదో రేకు చెప్పదు. నేడు మనం వింటున్న బాణీలు చాలావరకు ఇరవయ్యవ శతాబ్దిలో సంగీత విద్వాంసులు కూర్చినవి. “ఈ సంకీర్తనకు రాగం ఉన్నదా?” అని భాండారాన్ని అడిగితే ఉన్నదనే చెబుతుంది. “ఏదీ, పాడి వినిపించు” అంటే మౌనం. పేరు ఉండటం వేరు, పేరు వెనుక సరుకు ఉండటం వేరు. రాగిరేకులు చెప్పే ఈ సంగతిని గణకయంత్రాలు చాలా ఆలస్యంగా గ్రహించాయి.

* * *

ఇక కొండ క్రింద. తిరుపతి నుండి చిత్తూరు వెళ్ళే దారిలో, చంద్రగిరి దాటిన తరువాత గాదంకి అనే ఊరు వస్తుంది. చుట్టూ కొండలు. ఆ కొండల నడుమ 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేలలో 32 వరుసలుగా, వరుసకు 32 చొప్పున 1024 స్థానాలలో యాగీ యాంటెనాలు నిలబెట్టి ఉన్నాయి. ఆకాశవాణి వినడానికి కాదు, ఆకాశాన్నే వినడానికి. ఇది ఎం.ఎస్.టి. రాడారు. మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు వాతావరణ పొరల తొలి అక్షరాలే దాని పేరు. ముంబాయిలోని సమీర్ సంస్థ దీనిని నిర్మించింది. 1990ల తొలినాళ్ళలో ఇది పనిలోకి వచ్చింది. మొదట జాతీయ ఎం.ఎస్.టి. రాడారు కేంద్రంగా ఉన్న సంస్థ 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విద్యార్థులు ఎందరో ఈ రాడారు అంకెల మీదనే తమ పరిశోధనలు చేశారు.

యాంటెనాల ఈ పొలాన్ని కూడా ఇంగ్లీషులో ‘అర్రే’ అనే అంటారు. నేల మీద ఒక అర్రే, ఫైలులో మరొక అర్రే. మొదటిదాని పని రెండవదానిని నింపడం.

ఆ నింపే తీరు తెలుసుకోదగినది. రాడారు 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపుతుంది. గాలిలోని చిన్న చిన్న కల్లోలాలు వాటిని చాలా బలహీనంగా వెనక్కు పంపుతాయి. వచ్చిన ప్రతిధ్వని స్వరం ఎంత మారిందో చూసి, ఆ ఎత్తులో గాలి రాడారు వైపు వస్తున్నదా, దూరంగా పోతున్నదా, ఎంత వేగంతో అన్నది లెక్కకడతారు. కిరణాన్ని నిట్టనిలువుగా ఒకసారి, తూర్పుకు, పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి పది డిగ్రీలు వంచి ఒక్కొక్కసారి పంపితే గాలి మూడు అంశాలుగా విడిపడి తెలుస్తుంది: తూర్పు దిశగా సాగే వేగం, ఉత్తర దిశగా సాగే వేగం, పైకి లేచే వేగం. ఎత్తు ఒక వరుస, కాలం ఒక వరుస, ఈ మూడు వేగాలు మూడు వరుసలు. ఈ అంకెలకు ముందు దశలో ప్రతిధ్వని వర్ణపటాలు, దానికి ముందు దశలో ముడి సంకేతాలు. ప్రతి దశకూ వేరు వేరు వరుసలు, వేరు వేరు పేర్లు.

ఏ ఫైలులో ఏ దశ వరుసలున్నాయో తెలియకుండా ముప్ఫై ఏళ్ళ గాలుల చరిత్రను ఎవరూ చదవలేరు. మన ప్రశ్న పుట్టేది ఇక్కడే.

* * *

మొదట్లో ఆ ప్రశ్న అడగడానికే వీలు లేదు. 1957లో ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ భాషను తెచ్చింది. వాతావరణ శాస్త్రజ్ఞులకు దశాబ్దాల తరబడి అదే మాతృభాష. ఆ భాషలో ప్రోగ్రాము వ్రాసేటప్పుడు ప్రతి వరుసకూ పేరుంటుంది. ఆ వరుసను ఫైలులోకి పంపేసరికి సాధారణంగా పేరు రాలిపోయి అంకెలు మాత్రమే మిగులుతాయి. మొదటి గడి ఎత్తు, రెండవ గడి తూర్పు గమనం, మూడవ గడి ఉత్తర గమనం అన్నది ఫైలు చెప్పదు. పక్కన పెట్టిన కాగితమో, వ్రాసినవాడి జ్ఞాపకమో చెప్పాలి.

అటువంటి ఫైలులో ఎవరో రెండవ గడికి ముందు ఉష్ణోగ్రతను చేర్చారనుకోండి. పాత ప్రోగ్రాము ఏమీ అనకుండా ఉష్ణోగ్రతను గాలి వేగంగా చదువుకుంటుంది. యంత్రం ఆగదు, అరవదు. ఫలితం మాత్రం అబద్ధం. ఇది మన నాలుగవ సమాధానం, నాలుగింటిలోనూ ప్రమాదకరమైనది.

ప్రపంచ వాతావరణ సంస్థ 1985లో గ్రిబ్ అనే పద్ధతిని ఆమోదించింది. అందులో ప్రతి వరుసతో పాటు ఒక సంఖ్య ఉంటుంది. 11 అంటే ఉష్ణోగ్రత, 33 అంటే తూర్పు దిశగా గాలి, 34 అంటే ఉత్తర దిశగా గాలి. ఇది ముందడుగే. కానీ సంఖ్యకు అర్థం చెప్పే పట్టిక ఫైలు బయట ఉంటుంది. పట్టిక పోయినా, మారినా 33 అన్నది కేవలం 33.

అదే కాలంలో అమెరికాలో నాసా గొడార్డ్ కేంద్రం సీడీఎఫ్ అనే మరొక పద్ధతిని తయారు చేసింది. ఆ ఆలోచన స్ఫూర్తితో, కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నగరంలో ఉన్న యూనిడేటా సంస్థలో గ్లెన్ డేవిస్ 1988లో ఒక నమూనాను వ్రాశాడు. అదే నెట్‌సీడీఎఫ్. దీని సూత్రం మన పూర్వులకు కొత్త కాదు: సరుకుతో పాటు సరుకు వివరం కూడా అదే పాత్రలో ఉండాలి. పాత నెట్‌సీడీఎఫ్ ఫైలు మొదటి భాగంలో ఒక జాబితా ఉంటుంది. ప్రతి వరుస పేరు, అది ఏ కొలతల మీద పరచుకున్నది, ఏ ప్రమాణంలో ఉన్నది, ఫైలులో ఎక్కడ మొదలవుతుంది – అన్నీ అందులోనే. పుస్తకానికి విషయసూచిక వంటిది. ఫైలు ఎన్ని కోట్ల అంకెలు మోస్తున్నా, పేరున్నదో లేదో తెలుసుకోవడానికి ఈ సూచిక చదివితే చాలు, అంకెలను తాకనక్కరలేదు.

ప్రోగ్రాము ఒక పేరు ఇచ్చి ఈ వరుస సంఖ్య ఏమిటని అడుగుతుంది. ఉంటే సంఖ్య వస్తుంది. లేకపోతే −49 అనే సంకేతం వస్తుంది. ఆ పేరుగల చలరాశి లేదని దాని అర్థం. ఈ −49ని చూసి కొత్తవారు విసుక్కుంటారు. నాకు మాత్రం అది గౌరవించదగిన అంకె. అంతకు ముందు తరం ఫైళ్ళు ‘లేదు’ అని చెప్పలేక ఏదో ఒకటి చెప్పేవి. ఇది తెలియనిదానిని లేదని నిజాయితీగా చెప్పింది.

ఇంచుమించు ఆ రోజులలోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో హెచ్‌డీఎఫ్ పుట్టింది. నాసా తన భూపరిశీలక ఉపగ్రహాల డేటాకు దానినే ఎంచుకున్నది. 1998లో వచ్చిన అయిదవ తరంలో పెట్టెలో పెట్టె, అందులో మరొక పెట్టె పెట్టుకోవచ్చు. దీనితో మన ప్రశ్నకు కొత్త మెలిక పడింది. ‘రాడారు’ పెట్టెలో ‘1995’ పెట్టెలో ‘గాలి’ ఉన్నదా అని ఒక్కమాటలో అడిగితే, నడుమ ఉన్న ‘1995’ పెట్టె లేనప్పుడు యంత్రం లేదని చెప్పక అడగడమే తప్పని మొరాయిస్తుంది. ఒక్కొక్క మెట్టూ ఉన్నదా అని అడుగుతూ దిగాలి. అంతేకాదు, అందులో పేరు ఒక చీటీ మాత్రమే కావచ్చు. చీటీ ఉంటుంది, అది చూపించే వస్తువు ఎప్పుడో తొలగిపోయి ఉంటుంది. అందువల్ల చీటీ ఉన్నదా అని అడగడానికి ఒక పిలుపు, వస్తువు ఉన్నదా అని అడగడానికి మరొక పిలుపు విడివిడిగా ఏర్పరచారు. రాగం పేరుండి స్వరం లేని రాగిరేకు గుర్తుకు రావడం లేదూ?

* * *

పేరును వెతికే పద్ధతికీ ఒక చరిత్ర ఉన్నది. జాబితా చిన్నదైతే మొదటి నుండి చివరి దాకా చూడవచ్చు. వేల పేర్లున్నప్పుడు అది కుదరదు. 1953లో ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ ఒక ఉపాయం సూచించాడు: పేరులోని అక్షరాల నుండే ఒక సంఖ్యను గణించి, ఆ సంఖ్యగల అరలోనే సరుకు దాచాలి. వెతికేటప్పుడు మళ్ళీ అదే లెక్క వేసి నేరుగా ఆ అరకు పోవాలి. దీనిని హ్యాషింగ్ అంటారు.

మన తపాలా శాఖ 1972లో పిన్‌కోడు తెచ్చినప్పుడు చేసినది దీనికి దగ్గరి పనే. 517తో మొదలైన ఉత్తరాన్ని చూడగానే చిత్తూరు, తిరుపతి ప్రాంతపు సంచిలో వేస్తారు. దేశంలోని ఊళ్ళ పేర్లన్నీ చదువుకుంటూ పోరు. తేడా ఒకటున్నది. పిన్‌కోడును మనుష్యులు నిర్ణయించారు. హ్యాషింగులో పేరే తన సంఖ్యను పుట్టిస్తుంది. పేరులో ఒక్క అక్షరం మారితే అర మారిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివరలో దీనితో పని ఉన్నది.

పైథాన్ భాషలో ఈ పట్టికలను నిఘంటువులని పిలుస్తారు. పాత రోజులలో ‘హ్యాజ్ కీ’ అనే పిలుపుతో పేరున్నదా అని అడిగేవారు. 2001లో వచ్చిన 2.2 ఆవృత్తి నుండి ‘ఇన్’ అనే రెండక్షరాల మాటతోనే అడగవచ్చు. 2008 డిసెంబరులో వచ్చిన 3.0 ఆవృత్తి పాత పిలుపును పూర్తిగా తీసివేసింది. 2014లో స్టీఫన్ హోయర్ ప్రకటించిన ఎక్స్‌రే అనే ఉపకరణం, 2016లో ఎక్స్‌అర్రేగా పేరు మార్చుకుని, వాతావరణ డేటాకు ఇంచుమించు ప్రమాణమైంది. అందులోనూ అదే ‘ఇన్’ మాట.

కానీ అడిగేది ఎవరిని అన్నది ముఖ్యం. ఎక్స్‌అర్రేలో అనేక వరుసలున్న పాత్రను అడిగితే, ఆ పేరుగల వరుస తనలో ఉన్నదో లేదో చెబుతుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు వంటి ఆధార వరుసలను కూడా కలుపుకుని చెబుతుంది. అదే మాటతో ఒంటరి వరుసను అడిగితే, అది పేర్లను చూడదు, తనలోని అంకెలను చూస్తుంది. 2018 నుండి దాని నియమం ఇది. గాదెను వడ్లున్నాయా అని అడగడం, వడ్ల అరను ఈ గింజ నీలో ఉన్నదా అని అడగడం – మాట ఒకటే, ప్రశ్న వేరు. ప్రోగ్రాము వ్రాసేవారు ఎవరిని అడుగుతున్నారో తెలుసుకుని అడగాలి.

ముందుగా అడిగి చదవడమా, చదవబోయి లేకపోతే వెనుదిరగడమా అన్న వాదం కూడా ఉన్నది. ఒక్క ఫైలుకు రెండూ ఒకటే. ఇతరులు వ్రాస్తూ ఉన్న ఫైలులో అయితే, అడిగిన క్షణానికీ చదివిన క్షణానికీ నడుమ సంగతి మారిపోవచ్చు. అక్కడ రెండవ మార్గమే మేలు. వేల ఫైళ్ళలో ఏవేవి ఉన్నాయో ముందే పట్టిక వేసుకోవలసినప్పుడు మొదటిదే దారి.

* * *

ఇప్పుడు అసలు చిక్కు: ఖాళీ అర. గాదంకి రాడారుకు సుమారు 20 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు వరకు ప్రతిధ్వనులు బాగా వస్తాయి. మళ్ళీ 60 నుండి 90 కిలోమీటర్ల నడుమ, పగటివేళ, సూర్యకాంతి గాలిని అయనీకరించినప్పుడు వస్తాయి. ఈ రెండింటి నడుమ పెద్ద మౌనం. అక్కడ గాలి లేక కాదు, రాడారుకు వినిపించే కల్లోలం లేక. రాత్రివేళ పై పొర కూడా మౌనమే. ఎత్తుల పట్టికను నిరాటంకంగా పైదాకా వేస్తే ఈ నడిమి గడులలో ఏమి వ్రాయాలి?

సున్న వ్రాయకూడదు. సున్న కూడా ఒక కొలతే. గాలి నిలువుగా కదిలే వేగం సాధారణంగా సెకనుకు కొన్ని సెంటీమీటర్లే, సున్నకు అతి సమీపం. అక్కడ సున్న నిజమైన వార్త. ఋణసంఖ్య వ్రాయకూడదు. నైఋతి ఋతుపవన కాలంలో గాదంకి మీద సుమారు 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుండి పడమరకు ఉద్ధృతమైన జెట్ ప్రవాహం సాగుతుంది. తూర్పు దిశను ధనంగా తీసుకునే లెక్కలో ఆ వేగం సెకనుకు −40 మీటర్లను కూడా మించిపోతుంది. ఋణసంఖ్యలన్నీ ‘లేవు’ అనుకున్నవాడు ఋతుపవనాల ప్రాణమైన ఆ ప్రవాహాన్నే తుడిచివేస్తాడు. అందుకే నెట్‌సీడీఎఫ్ కర్తలు, వ్రాయకుండా వదిలిన దశాంశ గడులలో 9.96921ను 10 యొక్క 36వ ఘాతంతో గుణించినంత పెద్ద సంఖ్యను నింపే ఏర్పాటు చేశారు. విశ్వంలో ఏ గాలీ ఆ వేగంతో వీచదు గనుక పొరపాటు పడే అవకాశం లేదు.

ఈ భేదం మన సీమలో పుస్తకాల మాట కాదు. రాయలసీమలో వర్షపాతం సున్న అంటే అది కరువు లెక్కలోకి వెళ్ళే అంకె. మండలం కరువు జాబితాలో చేరడానికీ చేరకపోవడానికీ అది ఒక ఆధారం. వర్షమాపకం పనిచేయని రోజున గడిలో సున్న పడితే, కురిసిన వాన కురవనట్లే రికార్డవుతుంది. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను వరదలు ముంచెత్తిన సంగతి అందరికీ గుర్తున్నదే. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని క్రింది ఊళ్ళు భయంతో గడిపాయి. సరిగ్గా అలాంటి రోజులలోనే మాపకాలు, తంత్రులు చెడిపోయే అవకాశం ఎక్కువ. అతివృష్టి రోజును అనావృష్టిగా చూపించే శక్తి ఒక్క సున్నకు ఉన్నది. ‘వాన లేదు’, ‘వాన సంగతి తెలియదు’, ‘ఈ ఫైలులో వాన అనే వరుసే లేదు’ – మూడు వేరు వేరు వాక్యాలు. ఒకదాని బదులు మరొకటి చెప్పే ప్రోగ్రాము, ఎంత వేగంగా పనిచేసినా, తప్పుడు సాక్ష్యం చెప్పినట్లే.

వరుసే లేకపోవడం కూడా కొన్నిసార్లు చరిత్రే. గాదంకికి జపాను సహకారంతో లైడార్ 1998లో వచ్చింది. 1996 నాటి రికార్డులో లైడార్ వరుస కోసం వెతికితే ‘లేదు’ అన్నదే సత్యం. అలాగే 2011 జనాభా లెక్కల జిల్లాల పటంలో తిరుపతి జిల్లా కనిపించదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, దాని నుండి కొంత, నెల్లూరు జిల్లా నుండి కొంత కలిపి తిరుపతి జిల్లాను చేసినది 2022 ఏప్రిల్ 4న. పటం చెప్పే ‘లేదు’ను తప్పుగా భావించి ఎవరైనా సున్న జనాభాతో ఒక గడి నింపితే, లక్షలాది జనం లెక్కలో మాయమవుతారు.

* * *

చివరిది పేర్ల సమస్య. తెలుగును యూనికోడులో వ్రాయడానికి తంటాలు పడిన మనకు ఇది అందరికన్నా బాగా తెలిసిన సమస్య.

ఒకే రాశిని, తూర్పు దిశగా గాలి వేగాన్ని, ఐరోపా కేంద్రం వారు ‘యు’ అంటారు. అమెరికా వారి పాత పునర్విశ్లేషణలో అది ‘యు డబ్ల్యు ఎన్ డి’. వాతావరణ నమూనాల పోలిక ప్రాజెక్టులో ‘యు ఎ’. ‘యు’ కోసం వెతికిన ప్రోగ్రాముకు తక్కిన రెండు పాత్రలూ లేదనే చెబుతాయి. సరుకున్నది, పేరు కలవలేదు. 2003లో 1.0 ఆవృత్తిగా వెలువడిన సీఎఫ్ నియమాలు దీనికొక దారి చూపాయి. పాత్రలో మీ ముద్దుపేరు ఏదైనా పెట్టుకోండి, దాని పక్కన అందరూ ఒప్పుకున్న ప్రామాణిక నామం ఒకటి తగిలించండి అన్నాయి. ఈ రాశికి ప్రామాణిక నామం ‘ఈస్ట్‌వర్డ్ విండ్’, అంటే తూర్పు వైపుగా పోయే గాలి. తెలుగులో ‘తూర్పుగాలి’ అంటే తూర్పు నుండి వచ్చే గాలి. ఇంగ్లీషులో ‘ఈస్టర్లీ’ కూడా అంతే. ఒక్క ప్రత్యయం తేడాతో ధనం ఋణమవుతుంది. పేరును ఎంత జాగ్రత్తగా ఎంచుకోవాలో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

భూపటాల లోకంలో ఇంకొక ఇరుకు. ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్న షేప్‌ఫైలు తన గుణాల పట్టికకు పాత డీబేస్ పద్ధతిని వాడుతుంది. అందులో నిలువు వరుస పేరు పది బైట్లకు మించరాదు. ఇంగ్లీషు పేరే సగంలో తెగుతుంది. తెగిన పేరును పూర్తి పేరుతో వెతికితే దొరకదు. తెలుగు సంగతి చెప్పనక్కరలేదు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘చిత్తూరు’ అన్న పేరుకు ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. పది బైట్లలో ‘చిత’ వరకే పడుతుంది!

నెట్‌సీడీఎఫ్ కొత్త ఆవృత్తులు యూనికోడు పేర్లను అంగీకరిస్తాయి. ‘నైఋతి’ అన్న పేరుతో ఒక వరుస పెట్టుకోవచ్చు. కానీ అందులోని ఐత్వాన్ని యూనికోడులో రెండు విధాలుగా వ్రాయవచ్చు. ఒకే గుర్తుగా వ్రాయవచ్చు, లేదా ఎత్వం గుర్తు వ్రాసి దాని క్రింద ఐత్వపు తోక గుర్తు చేర్చవచ్చు. తెర మీద రెండూ ఒక్కటే. యంత్రానికి రెండూ వేరు. ఒక్క అక్షరం మారితే అర మారుతుందని పైన చెప్పుకున్నాం కదా! నెట్‌సీడీఎఫ్ కర్తలు దీనిని ముందే ఊహించి, పేరును ఫైలులో చేర్చేటప్పుడూ వెతికేటప్పుడూ యూనికోడు చెప్పిన ఒకే సాధారణ రూపానికి మారుస్తారు. ఆ మార్పిడి లేని ఉపకరణాలలో, కళ్ళకు కనిపిస్తున్న పేరును యంత్రం లేదంటుంది.

ఈ సాధారణ రూపం కూడా అన్నిటినీ సరిచేయదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల నడుమ పొల్లు విడిగా కనిపించడానికి మనం పెట్టే శూన్య వెడల్పు గుర్తు అలాగే ఉండిపోతుంది. ఒకరు పెట్టి, మరొకరు పెట్టకపోతే రెండు పేర్లు. ‘నైఋతి’ అని ఒకరు, ‘నైరుతి’ అని మరొకరు వ్రాస్తే ఏ యూనికోడు నియమమూ వాటిని కలపదు. ‘తిరుపతి’ని రోమను లిపిలో ‘త’కారానికి ఒక అక్షరంతో కొందరు, రెండక్షరాలతో కొందరు వ్రాయడం మనకు నిత్యానుభవమే. అక్కడ యంత్రం చేయగలిగినది లేదు. మనుష్యులు కూర్చుని ఒక మాటకు ఒప్పుకోవాలి. సీఎఫ్ నామాల పట్టిక గొప్పతనం సాంకేతికతలో లేదు, ఆ ఒప్పందంలో ఉన్నది.

ఇంత చెప్పాక, మన ప్రశ్న చిన్నదేమీ కాదని తేలుతుంది. ఒక పాత్రలో ఒక పేరు ఉన్నదా అని అడిగేవాడు, పేరు ఉన్నదా, ఆ పేరు వెనుక సరుకున్నదా, ఆ సరుకు తాననుకున్నదేనా అని మూడుసార్లు అడగాలి. దాచేవాడు ఈ మూడింటికీ జవాబు పాత్రలోనే పెట్టి పోవాలి. తాళ్ళపాక వారు రాగం పేరు రేకు మీదనే చెక్కించారు గనుకనే అది మనదాకా వచ్చింది. స్వరం చెక్కించలేదు గనుక అది రాలేదు. గాదంకి గాలుల అంకెలను ఇంకొక వందేళ్ళకు చదవబోయే వారికి మనం ఎవరమూ పక్కన ఉండి అర్థం చెప్పబోము. అర మీద పేరు, పేరు పక్కన ప్రమాణం, ఖాళీ గడిలో ఖాళీ గుర్తు – ఇవి ఉంటే గాదె తన కథ తానే చెప్పుకుంటుంది.